పాడేరు కొండల్లో నేల, చలి, పంటలు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ ప్రశ్నల్లో సగం జనవరిలో వస్తాయి. లంబసింగిలో పొగమంచు చూసి ఇంటికి వెళ్లినవారికి, అక్కడ ఏదో ఒకటి పండించాలనే కోరిక వారం రోజులపాటు బలంగా ఉంటుంది. మిగతా సగం ఇక్కడే పొలం ఉన్నవారివి. వాటికి కాస్త ఎక్కువ చోటు ఇచ్చాను.

మీరు చెప్పే కొండలు ఏ ప్రాంతానివి?

అల్లూరి సీతారామరాజు జిల్లాలో పాడేరు చుట్టూ ఉన్న మండలాలు: పాడేరు, జి.మాడుగుల, చింతపల్లి, గూడెం కొత్తవీధి, హుకుంపేట, డుంబ్రిగుడ, అరకులోయ, అనంతగిరి, ముంచింగిపుట్టు, పెదబయలు. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లా ఏర్పడేదాకా ఇవన్నీ విశాఖ జిల్లాలో ఉండేవి. పెద్దవాళ్లు ఇప్పటికీ విశాఖ ఏజెన్సీ అనే అంటారు. కొయ్యూరు కూడా పాడేరు డివిజన్‌దే గానీ, అక్కడ చాలా ఊళ్లు దిగువన, మైదానానికి దగ్గరగా ఉంటాయి. ఇక్కడ చలి గురించి రాసినవి ఆ ఊళ్లకు వర్తించవు.

మైదానం కంటే ఇక్కడ ఎంత చల్లగా ఉంటుంది?

వెయ్యి మీటర్లు పైకి వెళ్తే ఉష్ణోగ్రత సుమారు ఆరు డిగ్రీలు తగ్గుతుంది. అరకు, పాడేరు సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున, లంబసింగి వెయ్యి మీటర్ల దగ్గర ఉన్నాయి. కాబట్టి కింద మైదానంలోని నర్సీపట్నంలో చెమటలు పట్టే వేళ ఇక్కడ ఐదారు డిగ్రీలు తక్కువ ఉండటం మామూలే.

డిసెంబరు, జనవరి రాత్రుల సంగతి వేరు. మబ్బు లేని, గాలి కదలని రాత్రి నేలలోని వేడి ఆకాశంలోకి పోతుంది. నేలను తాకిన గాలి చల్లబడి బరువెక్కి, నీళ్లలాగే వాలు వెంట జారి పల్లంలో నిలుస్తుంది. లంబసింగికి కొర్రబయలు అని ఇంకో పేరుంది. రాత్రి బయట ఉండిపోతే తెల్లారేసరికి కొర్రలా, అంటే కర్రలా బిగుసుకుపోతారని దాని అర్థం చెబుతారు. పత్రికలు "సున్నా డిగ్రీలు" అని రాసినరోజు చింతపల్లి వ్యవసాయ పరిశోధన స్థానంలో అంతకన్నా ఎక్కువ నమోదై ఉండవచ్చు. అందులో వింతేమీ లేదు. వాతావరణ పరికరం నేలకు మనిషి ఛాతీ ఎత్తున పెట్టెలో ఉంటుంది, గడ్డి మీద ఉష్ణోగ్రత దానికంటే కొన్ని డిగ్రీలు తక్కువ. మీ టమాటా మొక్క పెట్టెలో ఉండదు కనుక రైతు లెక్కలోకి తీసుకోవలసింది గడ్డి మీద చలినే.

నేల ఇంత ఎర్రగా ఎందుకుంది?

ఈ కొండల రాయి ఎక్కువగా ఖోండలైటు, చార్నొకైటు. ఖోండలైటుకు ఆ పేరు తూర్పు కనుమల్లో ఉండే ఖోండుల నుంచి వచ్చింది. ఇక్కడి ఆదివాసుల పేరు ప్రపంచ భూగర్భశాస్త్ర పుస్తకాల్లో రాయి రూపంలో ఉందని స్కూలు పిల్లలకు ఎవరైనా చెబుతున్నారో లేదో తెలియదు, చెప్పాలి. రోడ్డు కోసం తవ్విన చోట గట్టును దగ్గరగా చూడండి. చిన్న చిన్న ఎర్రటి గార్నెట్ రేణువులు, అక్కడక్కడా నల్లగా మెరిసే గ్రాఫైటు కనిపిస్తాయి. ఈ రాయి లక్షల ఏళ్ల వానకు నానినానీ చివికి, కరిగేవన్నీ కొట్టుకుపోయి, ఇనుము, అల్యూమినియం మిగిలాయి. ఇనుము తుప్పు పట్టిన రంగే ఈ ఎరుపు. మరీ ఎక్కువగా చివికిన కొండ నెత్తిన బాక్సైటు, అంటే అల్యూమినియం తీసే ఖనిజం, పొరగా ఏర్పడింది. గాలికొండ, రక్తకొండ, జెర్రెల పేర్లు వార్తల్లోకి వచ్చింది దాని తవ్వకం గురించే.

బొర్రా దగ్గర మాత్రం సున్నపురాయి ఉంది. అక్కడి చేలకు కింద చెప్పిన పులుపు నేల సలహాలు కళ్లు మూసుకుని పాటించకండి.

మా ఊరి నేల ఏ రకం? ఏ ఎరువు వేయాలి?

నాకు ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే, నేను నేరుగా జవాబు చెప్పలేనిదీ ఇదే. మైదానంలో ఊరికో నేల ఉంటుంది. ఇక్కడ ఒక్క రైతుకున్న మూడెకరాల్లోనే మూడు నేలలుంటాయి. ఎరువు పేరు అడిగేముందు మీ చేను వాలులో ఎక్కడుందో చెప్పండి.

కొండ వాలు మీద మట్టి పలచన. జానెడు తవ్వితే గులకరాళ్లు, మూరెడు తవ్వితే రాయి తగిలే చోట్లున్నాయి. చెట్టు నీడలో ఉన్నంతకాలం పైపొర నల్లగా, ఆకు అలముతో మెత్తగా ఉంటుంది. చల్లదనం వల్ల ఆకు మైదానంలో కంటే నిదానంగా కుళ్లుతుంది, అందుకే సేంద్రియ కర్బనం నిలుస్తుంది. చెట్టు కొట్టి ఎండ తగలనిస్తే రెండు మూడు వానాకాలాల్లో ఆ నలుపు పోయి ఎరుపు బయటపడుతుంది.

దాని కింద ఊరి చుట్టూ మెట్ట, కొందరు గరువు అంటారు. ఎర్ర గరప నేల, లోతు ఓ మోస్తరు. పశువుల పెంట, ఇంటి బూడిద తరచూ పడేది ఇళ్లకు దగ్గరి చేలకే కాబట్టి, ఒకే మెట్టలో ఇంటి వెనక మడికీ ఊరి చివర మడికీ పంటలో తేడా కళ్లకు కడుతుంది.

అన్నిటికన్నా కింద గెడ్డ ఒడ్డున పల్లం. గెడ్డ అంటే కొండవాగు. పైనుంచి కొట్టుకొచ్చిన సన్నటి మట్టి, బంక, ఆకు కుళ్లు అక్కడ పేరుకుంటాయి. పల్లంలో మెట్లు మెట్లుగా మడులు కట్టి వరి వేస్తారు. ఏడాది పొడవునా ఊట నీరు తగిలే మడులు ఇందులో ఉంటాయి. అలాంటి మడిలో నీటి మీద తుప్పు రంగు పొర తేలుతూ, వరి ఆకులు రాగి రంగుకు తిరుగుతుంటే అది తెగులు కాకపోవచ్చు. గాలి ఆడని మట్టిలో ఇనుము ఎక్కువగా కరిగి వేళ్లను ఇబ్బంది పెడుతోందన్నమాట. మందు కొట్టేముందు మురుగు కాలువ తీసి, నాలుగు రోజులు ఆరగట్టి చూడండి.

మట్టి పరీక్షలో పీహెచ్ 5.2 వచ్చింది. భయపడాలా?

భయం అక్కర్లేదు గానీ పట్టించుకోవాలి. ఎక్కువ వాన పడే కొండ వాలుల్లో కాల్షియం, మెగ్నీషియం కడుక్కుపోయి నేల పులుపెక్కడం సహజం. పీహెచ్, అంటే ఉదజని సూచిక, తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ. అది 5.5 కంటే దిగితే అల్యూమినియం కరగడం మొదలై వేరు కొసలు మొద్దుబారతాయి. వేసిన భాస్వరాన్ని ఇనుము, అల్యూమినియం పట్టేసుకుంటాయి. బస్తా ఎరువు వేసినా మొక్క ఎదగలేదని రైతు వాపోవడానికి కారణం చాలాసార్లు ఇదే. ఎరువు నేలలోనే ఉంటుంది, మొక్కకు అందదు.

విరుగుడు సున్నం, దొరికితే డోలమైటు. డోలమైటులో మెగ్నీషియం కూడా ఉంటుంది. నాటడానికి నెల ముందే, మట్టిలో కాస్త తేమ ఉన్నప్పుడు చల్లి కలపాలి. సున్నం, యూరియా ఒకేసారి వేయకండి, నత్రజని ఆవిరైపోతుంది. ఎకరాకు ఎంత అన్నది పరీక్ష కాగితం చెప్పాలి, పక్క రైతు చెప్పకూడదు. ఎక్కువ వేస్తే జింకు, బోరాన్ అందకుండా పోతాయి, అప్పుడు ఇంకో జబ్బు పట్టుకుంటుంది.

రాక్ ఫాస్ఫేటు, అంటే భాస్వరం ఉన్న రాతిపొడి, సంగతి తమాషాగా ఉంటుంది. మైదానంలోని క్షార నేలలో అది కరగక పడి ఉంటుంది. ఇక్కడి పులుపులో నెమ్మదిగా కరిగి కాఫీ లాంటి బహువార్షిక పంటకు ఏళ్ల తరబడి అందుతుంది. అందువల్ల సున్నమూ ఇదీ ఒకే పాదులో కలిపి వేస్తే దీని పని చెడుతుంది.

వాలు చేనులో మట్టి నమూనా ఎలా తీయాలి?

పైభాగం, నడుమ, కింద మూడింటికీ వేరువేరు సంచులు. ప్రతి భాగంలో ఎనిమిది, పది చోట్ల ఆకు అలము పక్కకు తోసి, జానెడు లోతున వి ఆకారంలో గుంట తీసి, అంచు వెంట పలచటి పొర చెక్కాలి. అన్నీ కలిపి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురు రెండు తీసేస్తూ అరకిలో మిగిలేదాకా తగ్గించి, నీడలో ఆరబెట్టాలి. ఎరువు బస్తాలో నమూనా పంపకండి. ఈ తప్పు నేనే చేశాను. మొదటి ఏడాది యూరియా ఖాళీ సంచిలో పంపి, నా చేనులో నత్రజని పుష్కలంగా ఉందని నమ్మి, ఆ ఏడు చోళ్లు, అంటే రాగులు, పసుపుబారుతుంటే తెల్లబోయి చూశాను.

ఇంత వాన పడే చోట వేసవిలో నీటి కరువు ఎందుకు?

ఏడాదికి 1,200 మిల్లీమీటర్లకు పైనే పడుతుంది. అందులో పెద్ద వాటా జూన్ నుంచి సెప్టెంబరు లోపు, ఆ తరువాత అక్టోబరులో బంగాళాఖాతం తుపాన్ల పుణ్యాన. వాలు మీద పడిన నీరు నిలవదు, పలచటి మట్టి పట్టి ఉంచలేదు. ఫిబ్రవరి నుంచి మే దాకా కాలువ నీటికీ బోరుకూ అలవాటు పడిన పంటలేవీ ఇక్కడ నిలదొక్కుకోలేవు. ఊట ఉన్న గెడ్డలే ఆధారం. ఊటకు ఆధారం పైనున్న అడవి. వాలుకు అడ్డంగా కందకాలు, రాతి కట్టలు వేసిన చేలల్లో తేడా రెండో ఏడే కనిపిస్తుంది.

పల్లంలో రెండో పంట వరి వేయవచ్చా?

నీరున్నా చలి ఒప్పుకోదు. నారు పసుపుబారి కదలకుండా కూర్చుంటుంది. పొట్ట దశలో రాత్రి చలి గట్టిగా తగిలితే గింజ తాలుపోతుంది. ఆ మడిలో కూరగాయలు నయం.

చోళ్లు, సామలు, వలిసెలు ఇంకా ఎందుకు వేస్తున్నారు? లాభసాటి పంటలు లేవా?

ఈ ప్రశ్నలో ధ్వనించే జాలి నాకు నచ్చదు. పలచటి మట్టి, తుపాను, ఆలస్యమైన వాన, మూడింటినీ తట్టుకుని ఇంటికి గింజ తెచ్చే పంటలు అవే. సామ త్వరగా కోతకు వచ్చి, ఇంట్లో గింజ నిండుకునే రోజుల్లో ఆదుకుంటుంది. చోళ్లు మెట్టలో వేళ్లూనుకుని మట్టిని పట్టి ఉంచుతాయి.

వలిసెల గురించి రెండు మాటలు. పర్యాటకులు ఫోటోలు తీసుకునే ఆ పసుపు పూల చేలు నూనెగింజ చేలు. ఇంకేదీ సరిగా పండని నిస్సారమైన వాలులో, ఆగస్టు ప్రాంతంలో చల్లితే, చలి మొదలయ్యేసరికి పూస్తాయి. వలిసె తన పుప్పొడితో తాను గింజ కట్టలేదు, తేనెటీగ రావలసిందే. చేను మధ్యలో పడుకుని ఫోటో దిగితే విరిగే మొక్కలకు వెల ఉంటుందని గుర్తుంచుకుంటే చాలు.

రాజ్మా పప్పుజాతి కదా, నత్రజని ఎందుకు వేయమంటారు?

మంచి ప్రశ్న. కంది, పెసర వేళ్ల మీద బుడిపెలు కట్టి గాలిలోని నత్రజనిని పట్టుకుంటాయి. రాజ్మాకు మన నేలల్లో ఆ బుడిపెలు సరిగా కట్టవు. అందుకే మిగతా అపరాలకు హెక్టారుకు 20 కిలోల నత్రజని సరిపోతే, రాజ్మాకు వందకు అటూ ఇటూ సిఫారసు చేస్తారు. అంత వేయలేనివారు మాగిన పెంట ఎక్కువ పడిన ఇంటి దగ్గరి మెట్టను దానికి కేటాయిస్తారు. అది తెలివైన పని. వాన ఉధృతి తగ్గుతున్నప్పుడు, ఆగస్టు చివర్లో విత్తుకోవాలి. నీరు నిలిచే చోట వేస్తే వేరు కుళ్లు తప్పదు.

కాఫీకి ఈ నేల ఎందుకు అంతగా కుదిరింది?

కాఫీ వేళ్లలో తిండి తెచ్చేవి చాలావరకు పైనున్న ఒక అడుగు లోతు మట్టిలోనే ఉంటాయి. ఆ పై మట్టి వదులుగా, తేమగా, కాస్త పులుపుగా, ఆకు అలముతో కప్పి ఉండాలి. ఉదజని సూచిక 6.0 నుంచి 6.5 ఉంటే మరీ మంచిది. నీడ ఉన్న కొండ వాలు ఇదంతా ఇస్తుంది, వాలు వల్ల నీరూ నిలవదు.

ఎత్తు విషయంలో ఒక సందేహం వస్తుంది. అరబికాకు వెయ్యి నుంచి 1,500 మీటర్లు బాగుంటుందంటారు, మన చేలు చాలావరకు ఆ కింది గీత దగ్గరే ఉన్నాయి. కానీ చిక్కమగళూరు 13వ అక్షాంశం దగ్గరుంటే మనం 18 దగ్గరున్నాం. ఉత్తరానికి జరిగినందువల్ల చలికాలం రాత్రులు ఇక్కడ ఎక్కువ చల్లన. పండు నిదానంగా పండుతుంది, రుచి అక్కడే కూడుతుంది. అరకు లోయ అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది.

ఇక నీడ. ఇక్కడ ఎక్కువగా సిల్వర్ ఓక్ నాటారు. ఆస్ట్రేలియా చెట్టు, నిటారుగా వేగంగా పెరుగుతుంది, మిరియాల తీగకు మంచి ఆసరా. దాని మీద నాకు కోపం లేదు గానీ, తోట మొత్తం అదొక్కటే ఉంటే ఒప్పుకోను. దాని ఆకు కుళ్లడానికి చాలాకాలం పడుతుంది. పనస, నేరేడు, మామిడి లాంటివి మధ్యమధ్యలో ఉన్న తోటలో నేల రంగే వేరు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు ఈ కొండల్లో నీడచెట్లు వరసలు వరసలుగా కూలి కాఫీ మీద పడ్డాయి. నీడ పోయిన చోట ఎండ పెరిగి, కాండం తొలిచే తెల్లపురుగు రెచ్చిపోతుంది. ఆ పురుగుకు ఎండ తగిలే కాండమంటే ఇష్టం.

మార్చి, ఏప్రిల్ నెలల్లో పడే పూతవాన ఒక్కటి తప్పితే ఆ ఏడు దిగుబడి తప్పినట్టే. నవంబరు నుంచి పండు కోత. ఎర్రబడ్డ పండు మాత్రమే కోయాలని అందరికీ తెలుసు, చేతిలో డబ్బు లేనప్పుడు పచ్చివీ బుట్టలో పడతాయి. ఒక కిలో శుద్ధి చేసిన గింజకు ఆరు కిలోల దాకా పండ్లు కావాలి.

మిరియాల తీగ మొదట్లో నీరు నిలవకుండా చూసుకోండి. పచ్చగా ఉన్న తీగ వారంలో వాడిపోయిందని చెప్పేవాళ్లలో ఎక్కువమంది పాదు గుంటలా చేసినవాళ్లే.

ఇక్కడి పసుపు రెండేళ్ల పంట ఎందుకు?

పాత స్థానిక రకాలను రెండేళ్లు నేలలో ఉంచి తవ్వడం ఇక్కడి ఆనవాయితీ. చలికి మొక్క మధ్యలో నిద్రపోతుంది, మొదటి ఏడు దుంప ఊరదు. సరిహద్దు అవతల ఒడిశాలోని పొట్టంగి పరిశోధన కేంద్రం ఇలాంటి కొండల కోసమే తయారుచేసిన రోమా రకం ఎనిమిది, తొమ్మిది నెలల్లో వస్తుంది. త్వరగా వస్తుందని వాలు మీద నిలువు బోదెలు తోలకండి. తవ్విన తరువాత వదులైన మట్టి మొదటి వానకే గెడ్డలోకి పోతుంది. బోదెలు వాలుకు అడ్డంగా ఉండాలి.

స్ట్రాబెర్రీ వేద్దామనుకుంటున్నాను. సున్నం వేయాలా?

పరీక్షలో 5.5 కంటే తక్కువ రాకపోతే వద్దు. అది పులుపు నేలను ఇష్టపడే పంట, 5.5 నుంచి 6.5 చాలు. ఎత్తైన బోదెలు, ప్లాస్టిక్ పరుపు, బిందు సేద్యం, వానలు తగ్గాక నాటిన మొక్క. నేల సమస్య కాదు, పెట్టుబడి, రవాణా సమస్యలు. చలికాలంలో రోడ్డు పక్కన పర్యాటకులకు అమ్మగలిగినవారికి గిట్టుబాటవుతోంది. లోపలి ఊళ్లో వేసినవారికి పండు ఘాటు రోడ్డు దిగేలోపే మెత్తబడుతుంది.

ఆపిల్ పండుతుందా?

చెట్టు బతుకుతుంది. కశ్మీరు రకాలకు ఏడు డిగ్రీల కంటే తక్కువ చలి వెయ్యి గంటల వరకు కావాలి. మనకు తెల్లవారుజామున కొన్ని గంటలే ఆ చలి, పదకొండు కొట్టేసరికి చొక్కా గుండీలు విప్పుకుంటాం. తక్కువ చలితో సరిపెట్టుకునే అన్నా లాంటి రకాలు కాయవచ్చు. పెరట్లో నాలుగు మొక్కలు సరదాగా పెట్టుకోండి, అప్పు చేసి ఎకరం పెట్టకండి.

మంచు కాటు నుంచి కూరగాయలను ఎలా కాపాడుకోవాలి?

ముందు చోటు చూసుకోండి. అన్నిటికన్నా అడుగు మడిలో, చుట్టూ గట్టున్న చోట డిసెంబరులో టమాటా, వంగ, చిక్కుడు పెట్టకూడదు. నేను పెట్టాను. సాయంత్రం పూత మీదున్న టమాటా తెల్లారేసరికి ఉడకబెట్టిన ఆకుకూరలా నల్లబడింది. పది అడుగుల ఎత్తున పక్కవారి వాలులో అదే నారు, ఒక్క ఆకు కూడా మాడలేదు. క్యాబేజీ, క్యారెట్, ముల్లంగి అడుగు మడిలోనూ తట్టుకుంటాయి. గట్టులో చల్లగాలి జారిపోవడానికి గండి తెరిచి ఉంచడం, మంచు పడేలా ఉన్న రోజు సాయంత్రం తేలికగా తడిపెట్టడం పనికొస్తాయి. తడి నేల పొడి నేలకంటే వేడిని బాగా నిలుపుకుంటుంది. పొగ పెడితే మంచు పోతుందన్నది పెద్దగా నమ్మకండి.

పోడు వల్లే నేల పాడైందంటారు. నిజమేనా?

సగం నిజం. కాల్చిన బూడిద పులుపును తాత్కాలికంగా తగ్గించి పొటాష్, కాల్షియం ఇస్తుంది, అందుకే మొదటి ఏడు పంట విరగకాస్తుంది. మూడో ఏటికి సారం తగ్గుతుంది. పూర్వం ఆ చెక్కను వదిలేసి చాలా ఏళ్లకు గానీ తిరిగి వచ్చేవారు కాదు, అడవి మళ్లీ లేచేది. ఇప్పుడు తిరగడానికి చోటు లేదు, విరామం కుదించుకుపోయింది. నేలను దెబ్బతీసింది ఆ కుదింపు. దాన్ని ఆదివాసి ఒక్కడి ఖాతాలో రాయడం సరికాదు.

రసాయనాలు వాడలేదు కాబట్టి ఇక్కడివన్నీ సేంద్రియ పంటలేనా?

చాలావరకు అవును, కానీ ఆ పేరుతో అమ్మాలంటే సాధారణంగా ధ్రువపత్రం కావాలి. అలాగని నేలనుంచి ఏటా తీసుకుంటూ ఏమీ తిరిగి ఇవ్వకపోవడాన్ని సేంద్రియ వ్యవసాయం అనరు.

ఇక్కడ ఎకరం కొని కాఫీ తోట పెట్టుకోవచ్చా?

గిరిజనేతరులు కొనకూడదు. ఇది షెడ్యూల్డు ప్రాంతం. 1959 భూబదలాయింపు నిబంధనలు, వాటిని గట్టిచేసిన 1970 నాటి ఒకటో నిబంధన ప్రకారం గిరిజనుల నుంచే కాదు, గిరిజనేతరుల నుంచి కూడా గిరిజనేతరులు భూమి కొనడం చెల్లదు. "మావాడి పేరు మీద పెట్టుకుందాం" అని చెప్పే మధ్యవర్తి మాటలు వినకండి. కాఫీ మీద ప్రేమ ఉంటే గింజలు కొనండి.

మా బాల్కనీ కుండీలకు కొంచెం ఎర్రమట్టి తీసుకెళ్లవచ్చా?

అలా అడిగిన మీరు పదో బండి. కుండీలో అది తడిస్తే ముద్ద, ఆరితే ఇటుక. ఇక్కడ దానికి బలం ఇచ్చేది పైనున్న ఆకు, చెట్టు, చలి. అవి డిక్కీలో పట్టవు.

నేల చూడటానికి ఎప్పుడు రావాలి?

జనవరిలో కాకుండా జూన్ చివర్లో, ఒక గట్టి వాన పడి తగ్గిన గంటకు రండి. గొడుగు, పాత చెప్పులు తెచ్చుకోండి. అడవి నీడలోంచి వచ్చే గెడ్డనూ, చెట్టు కొట్టేసిన వాలు కిందుగా పారే గెడ్డనూ ఒకే రోజు చూడండి. రెండు సీసాల్లో నీళ్లు పట్టి పక్కపక్కన పెట్టి, టీ తాగి వచ్చాక అడుగున ఎంత మట్టి పేరుకుందో కొలవండి. ఆ తరువాత ఎరువు గురించి అడిగితే నాకూ చెప్పడం సులువు.